బందీ నోటికి స్టాక్‌హోమ్ తాళం

ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ చుట్టుపక్కల చెట్లకింద కూర్చుని గ్రూప్స్‌కి చదివే పిల్లల చేతుల్లో తిరిగే జిరాక్సు నోట్సులో స్టాక్‌హోమ్ సిండ్రోమ్‌కి రెండే రెండు పంక్తులు. బందీలుగా చిక్కినవాళ్లు తమను బంధించినవాళ్ల మీదే ప్రేమ పెంచుకునే మానసిక రుగ్మత; 1973లో స్వీడన్‌లో బయటపడింది. నేను చూసిన ప్రతిలో ఆ పంక్తుల పక్కన ఎవరో ఎర్ర పెన్నుతో నక్షత్రం గుర్తు పెట్టారు. తప్పకుండా వచ్చే ప్రశ్నట.

పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకుని ఊరుకుంటే నాకు పేచీ లేదు. కానీ అదే ముక్క క్యాంపస్ గేటు దాటి తార్నాక చౌరస్తాకి వచ్చేసరికి తీర్పైపోతుంది. మొగుడు కొట్టినా పుట్టింటికి పోని ఆడమనిషికి స్టాక్‌హోమ్ సిండ్రోమ్. కిడ్నాపైన అధికారి తిరిగొచ్చి "నన్నేమీ అనలేదు, అన్నం పెట్టారు" అంటే ఆయనకీ అదే. దొరల కాలాన్ని తలుచుకుని కళ్లు తడిచేసుకునే ముసలి పాలేరుకీ అదే. చదువుకున్నవాళ్లందరికీ నోట్లో నానే మాటైపోయింది. ఎవరి మీద వాడినా ఎదురు ప్రశ్న రాదు, సైన్సు కదా!

నేను అనేది ఒకటే. ఇది రోగమని తేల్చిన రుజువేదీ లేదు. పుట్టిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఇది చేస్తున్న పనల్లా బందీ చెప్పే సాక్ష్యాన్ని చెల్లకుండా చేయడం.

పుట్టిన చోటుకే వెళ్దాం. 1973 ఆగస్టు 23న స్టాక్‌హోమ్‌లోని నోర్‌మాల్మ్‌స్టోర్గ్ కూడలిలో క్రెడిట్‌బాంకెన్ అనే బ్యాంకులోకి యాన్-ఎరిక్ ఓల్సన్ అనే వాడు తుపాకీతో చొరబడ్డాడు. ముగ్గురు ఆడవాళ్లనీ ఒక మగవాణ్ణీ పట్టుకున్నాడు. ముప్పై లక్షల క్రోనార్లూ, ఒక కారూ, వాటితో పాటు జైల్లో ఉన్న క్లార్క్ ఓలోఫ్సన్ అనే నేరస్థుణ్ణీ తెచ్చివ్వమన్నాడు. ప్రభుత్వం ఓలోఫ్సన్‌ని నిజంగానే తెచ్చి లోపలికి పంపింది. ఆరు రోజులు నడిచిందీ వ్యవహారం. మధ్యలో పోలీసులు చేసిన పని నోట్సుల్లోకి ఎక్కదు. బందీలు, దుండగులు అందరూ ఉన్న లాకరు గది తలుపును బయటినుంచి మూసి తాళం పెట్టేశారు. తర్వాత పైకప్పుకి రంధ్రాలు తొలిచారు. గ్యాసు వదులుతారని లోపలివాళ్లకి అర్థమైంది. గ్యాసు వదిలితే బందీలను చంపేస్తామని ఓల్సన్ ముందే బెదిరించి ఉన్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ గదిలో ఉన్న ఇరవైమూడేళ్ల క్రిస్టీన్ ఎన్‌మార్క్ ఎవరికి భయపడాలి? ఆమె ప్రధాని ఓలోఫ్ పాల్మేతో ఫోన్లో మాట్లాడింది. వీళ్లకంటే నాకు పోలీసులంటేనే భయంగా ఉంది, వీళ్లతో కారెక్కి వెళ్లిపోతాం, దయచేసి ఒప్పుకోండి అని బతిమాలింది. పాల్మే ఒప్పుకోలేదు. మూడు వారాల్లో ఎన్నికలున్నాయి, దొంగలకు లొంగిన ప్రధాని అనిపించుకోవడం ఆయనకి ఇష్టం లేకపోయిందేమో. ఉద్యోగ ధర్మంలో చచ్చిపోతే తృప్తే కదా అన్న ధోరణిలో ఆయన తనతో మాట్లాడాడని ఎన్‌మార్క్ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. చివరికి 28న గ్యాసు వదలనే వదిలారు. ముందు బందీలు బయటికి రండి అంటే వాళ్లు రామన్నారు. మేం ముందొస్తే వెనకున్న ఇద్దరినీ కాల్చేస్తారు, వాళ్లనే ముందు పంపండి అన్నారు.

ఈ మొండితనానికి అర్థం చెప్పమని అడిగితే చెప్పినవాడు నీల్స్ బెయెరోట్ అనే మానసిక వైద్యుడు. ఆ ఆరు రోజులూ పోలీసులకి సలహాలిచ్చింది కూడా ఆయనే. అంటే బందీలు తప్పుపట్టిన పోలీసు పనిలో ఆయనకూ చెయ్యి ఉంది. ఆయన నాతో కూర్చుని మాట్లాడిన పాపాన పోలేదు అంటుంది ఎన్‌మార్క్. ముద్దాయి తన మీద ఫిర్యాదు చేసినవాడికి పిచ్చి అని సర్టిఫికెట్ రాసిస్తే ఏ కోర్టు ఒప్పుకుంటుంది? ప్రపంచం మాత్రం ఒప్పుకుంది. ఆమె ఓలోఫ్సన్‌ని ప్రేమించిందనీ, లోపల ఏదో జరిగిందనీ పత్రికలు చాటుమాటు రాతలు రాశాయి. ఆ తర్వాతి కాలంలో ఆమెకీ ఓలోఫ్సన్‌కీ పరిచయం కొనసాగిన మాట నిజమే, దాచేదేం లేదు. ఆమె తర్వాత తనే సైకోథెరపిస్టు అయింది. తన పేరు మీద చలామణీ అయ్యే రోగం ఉత్త బూటకమని జీవితమంతా చెబుతూనే వచ్చింది. బెయెరోట్ పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది, ఆమె ఖండన ఎక్కలేదు.

రుజువుల సంగతి ఎక్కువసేపు పట్టదు, ఉన్నవే తక్కువ. మానసిక వైద్యులంతా ప్రమాణంగా పెట్టుకునే అమెరికా సైకియాట్రిక్ అసోసియేషన్ రోగాల పట్టిక డీఎస్ఎంలో ఈ పేరు లేదు. ఎఫ్‌బీఐ తన దగ్గరున్న 1,200కి పైగా బందీ సంఘటనల రికార్డు తిరగేసి 1999లో చెప్పిన లెక్క ప్రకారం నూటికి 92 మంది బాధితుల్లో ఆ లక్షణాల జాడే లేదు. 2008లో కొందరు వైద్యులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ గాలించి, ఇది రోగమా, కట్టుకథా అని శీర్షికలోనే అడిగారు. పత్రికల్లో గుట్టలు గుట్టలుగా దొరికింది గానీ, నిర్ధారణకి పనికొచ్చే ప్రమాణం వాళ్లకి దొరకలేదు.

మన దగ్గరికి వద్దాం. 1987 డిసెంబరు ఆఖర్లో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర ఎస్.ఆర్. శంకరన్‌తో సహా పలువురు ఐఏఎస్ అధికారులను పీపుల్స్‌వార్ దళం ఎత్తుకుపోయింది. జైళ్లలో ఉన్న తమవాళ్లను వదలమంది. ఎన్టీఆర్ ప్రభుత్వం వదిలాక అధికారులు క్షేమంగా బయటపడ్డారు. పదేళ్లకి, 1997లో, అదే శంకరన్ కన్వీనర్‌గా పౌరస్పందన వేదిక ఏర్పడింది. ఎన్‌కౌంటర్లు ఆపండని ప్రభుత్వానికీ, హత్యలు ఆపండని నక్సలైట్లకీ ఏళ్ల తరబడి చెప్పి, 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ఇద్దరినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టేదాకా ఆయన వదల్లేదు.

నోట్సు చదివిన కుర్రవాడికి ఈ కథ చెప్పండి. కిడ్నాప్ అయ్యాడు, తర్వాత వాళ్లతో చర్చలు జరపాలన్నాడు. లక్షణాలు సరిపోయాయి, మార్కులు పడిపోయాయి! ఆ సూత్రానికి అక్కర్లేనిదల్లా శంకరన్ గుర్తేడుకి ముందు ఏం చేశాడన్నదే. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినప్పుడు సాంఘిక సంక్షేమ శాఖలో ఉండి దాన్ని కాగితం మీద నుంచి ఊళ్లలోకి దింపినవాడాయన. జీతగాళ్లను కూడగట్టి, మీ బాకీలు చెల్లిపోయాయి అని చెప్పించినవాడు. అది ఇక్కడి పెద్దలకు గిట్టక, ఆయన త్రిపురకి వెళ్లి నృపేన్ చక్రవర్తి ప్రభుత్వంలో ఆరేళ్లు ప్రధాన కార్యదర్శిగా పనిచేసి వచ్చాడు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదన్న పట్టుదల ఆయనకి అడవిలో తుపాకీ చూశాక పుట్టలేదు. ఆ పట్టుదల ఉన్నందుకే ఆయన ఆ అడవికి వెళ్లాడు. తర్వాత దళాల హింసని తప్పుపట్టడానికీ ఆయన వెనకాడలేదు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నవాడికి ఎవరి మెప్పూ అవసరం లేదు. ఆయన 2010 అక్టోబరు 7న పోయాడు. అప్పటిదాకా ఆయన ఆలోచనలో పగుళ్లు ఎక్కడున్నాయో చూపించమనండి. ఒక మనిషి ముప్పై ఏళ్ల నమ్మకాన్ని కొద్దిరోజుల బందీతనం ఖాతాలో రాసెయ్యడం మానసిక శాస్త్రం అనిపించుకోదు, చాడీ అనిపించుకుంటుంది.

2011 ఫిబ్రవరిలో ఇంకో తెలుగువాడి కథ నడిచింది. ఒడిశాలో మల్కన్‌గిరి కలెక్టర్‌గా ఉన్న ఆర్. వినీల్ కృష్ణ బలిమెల జలాశయం అవతల, మూడువైపులా నీళ్లతో రాకపోకలు తెగిన ఊళ్లలోకి భద్రత లేకుండా వెళ్లి, 16న మావోయిస్టులకు చిక్కాడు. మధ్యవర్తులుగా వెళ్లినవాళ్లలో హైదరాబాద్ నుంచి ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారు. 24న కలెక్టర్ విడుదలయ్యాడు. ఆ ఎనిమిది రోజులూ ఆయన్ని వదలాలని ఊరేగింపులు తీసినవాళ్లలో ఆదివాసులు ఉన్నారు, బడి పిల్లలు ఉన్నారు. మావోయిస్టుల గుప్పిట్లో ఉన్న జనం ఒక సర్కారీ అధికారి కోసం రోడ్డెక్కారంటే, వాళ్లకీ ఏదైనా సిండ్రోమ్ వెతుకుతారా? ఆయన తమ ఊరికి వచ్చాడు, పని చేశాడు, అందుకని రోడ్డెక్కారు. అవతలి గట్టుకి వంతెన 2018లో గానీ పూర్తి కాలేదన్నది గుర్తుంటే, వచ్చిన ఒక్క అధికారి విలువ వాళ్లకి ఎంతో తెలుస్తుంది.

నాకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటుంది. ప్యాటీ హర్‌స్ట్ సంగతేమిటి అంటారు. 1974 ఫిబ్రవరిలో కిడ్నాపైన కోటీశ్వరుల పిల్ల, రెండున్నర నెలలు తిరక్కుండానే ఎత్తుకుపోయినవాళ్లతో కలిసి తుపాకీ పట్టుకుని బ్యాంకు దోచింది కదా? దోచింది. కళ్లకు గంతలు కట్టి, వారాల తరబడి బీరువాలాంటి ఇరుకు గదిలో పడేసి, చంపుతామని బెదిరించి, అత్యాచారం చేసిన తర్వాత దోచింది. ఇంత జరిగాక మనిషి మారిపోవడానికి కొత్త రోగం పేరు అక్కర్లేదు, చిత్రహింస అన్న పాత పేరు చాలు. విచిత్రమేమిటంటే, బందీల మనసు ఎంత బలహీనమో చెప్పి మురిసిపోయే లోకం ఆమెను కోర్టులో నమ్మలేదు, జైలుకి పంపింది. అవసరమైనప్పుడు రోగం, అక్కర్లేనప్పుడు నేరం.

ఇంకో ఉదాహరణ నిజంగా ఆలోచింపజేసేది. ఆస్ట్రియాలో నటాషా కాంపుష్‌ని పదేళ్ల వయసులో 1998లో ఎత్తుకుపోయి ఎనిమిదేళ్లు నేలమాళిగలో ఉంచాడొకడు. 2006లో ఆమె తప్పించుకుంది, వాడు రైలు కింద పడి చచ్చాడు. ఆమె వాడి కోసం ఏడ్చింది. బంధం లేదని నేను అనను. పదేళ్ల పిల్లకి ఎనిమిదేళ్లపాటు అన్నం పెట్టిందీ కొట్టిందీ మాట్లాడిందీ ఆ ఒక్కడే. ఉన్న ఒక్క మనిషితో ఏదో ఒక బంధం కలుపుకోకపోతే ఆ పిల్ల పిచ్చిదైపోయేది. బతికి బయటపడ్డాక ఆమె కోరింది ఒక్కటే. నాకు సిండ్రోమ్ అంటగట్టకండి, నా కథ విప్పి చెప్పుకునే హక్కు అది లాగేసుకుంటుంది అంది.

బంధం పనికిరానిదైతే దాన్ని రోగమనవచ్చు. కానీ 1975 డిసెంబరులో నెదర్లాండ్స్‌లోని వైస్టర్ దగ్గర దక్షిణ మలుక్కా యువకులు ఒక రైలును ఆపేసినప్పుడు ఏం జరిగిందో చూడండి. హేరార్డ్ వాడర్స్ అనే పత్రికా సంపాదకుణ్ణి చంపడానికి ఎంచుకున్నారు. చచ్చేముందు ఇంటికి కబురు చెప్పుకోనిమ్మని ఆయన అడిగాడు. తన కాపురంలో ఉన్న చిక్కులూ, పిల్లల సంగతులూ తోటి బందీకి చెప్పుకుంటుంటే తుపాకీ పట్టినవాళ్లూ విన్నారు. విన్నాక ఆయన్ని చంపలేకపోయారు. ఆ ముఖం వాళ్లకి ఒక మనిషి ముఖమైపోయింది. వాళ్లు ఇంకో ప్రయాణికుణ్ణి తీసుకెళ్లి కాల్చారన్నది ఈ కథలో మింగుడుపడని భాగం. ఆ రెండో మనిషికి తన గురించి చెప్పుకునే వ్యవధి దొరకలేదు. పోలీసు మధ్యవర్తులకి ఈ సంగతి బాగా తెలుసు. బందీ పేరు పెట్టి పిలవండి, పిల్లల గురించి మాట్లాడనివ్వండి, వాళ్ల మధ్య మాటలు పెరగనివ్వండి అని వాళ్ల శిక్షణలోనే చెబుతారు. మాట కలిపితే బతుకుతారని పోలీసులకి తెలిసినప్పుడు తెలివి, అదే బందీకి తెలిసినప్పుడు రుగ్మతా?

చెరపట్టినవాడి దగ్గరినుంచి వచ్చినవాళ్ల మనసుని శంకించడం మనకేం కొత్త కాదు. గడ్డిపోచ అడ్డం పెట్టుకుని రావణుడితో మాట్లాడిన సీతకే నిప్పుల్లో దూకక తప్పలేదు, ఆ తర్వాత చాకలివాడి మాటా తప్పలేదు. లంకలో ఎలా బతికావమ్మా అని అడిగినవాడు లేడు. వాడితో నీ మనసెలా ఉండేదన్నదే అందరి ప్రశ్న. సినిమాలు దీన్ని ఇంకో వైపునుంచి తిప్పి, ఎత్తుకొచ్చిన హీరోని పాటయ్యేసరికి ప్రేమించే హీరోయిన్‌ని అమ్ముకున్నాయి. ఎటు తిప్పినా అందరి కళ్లూ బందీ గుండె మీదే, తలుపు మీదికి పోవు.

తలుపు సంగతి చెప్పాలంటే మళ్లీ తార్నాకకే రావాలి. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లలో పనిచేసే ఆమె మాణికేశ్వరినగర్ నుంచి వస్తుంది. భర్త తాగి కొడతాడు. ఒకటి రెండుసార్లు కంటికింద కమిలిన గుర్తుతో వచ్చింది. (ఫ్లాట్లలో ఇలాంటివి జరగవని కాదు, మా తలుపులు మందం, గొంతులు బయటికి రావు.) రోజూ సాయంత్రం ఐదింటికి అంట్లు తోముతూ మధ్యలో చెయ్యి తుడుచుకుని మొగుడికి ఫోన్ చేస్తుంది. "ఏం కూర చెయ్యమంటవ్?" అని అడుగుతుంది, ఎంతో మెత్తగా. అది చూసి మా పై అంతస్తు పెద్దాయన, రిటైరైన అధికారి, నాతో అన్నమాట: "చూడండి, తన్నులు తింటూనే ఆ ముద్దు. క్లాసిక్ స్టాక్‌హోమ్ సిండ్రోమ్."

ఓ రోజు నేనే అడిగాను, రోజూ అదే వేళకి ఎందుకు చేస్తావని. "గొంతు వినాలె కదమ్మా," అంది. "ఐదుకు తాగిండంటే ఏడు వరకు ఆగడు. గొంతుల తెలుస్తది. అట్లుంటే పోరగాండ్లను మా అక్కింట్ల పండవెట్టి నేను లేటుగ పోత." కూర ప్రశ్న మొగుడి మీద ముద్దు కాదు, వాతావరణ శాఖ ముందస్తు హెచ్చరికలాంటిది. ఈ కొలత ఆమె ఎన్ని దెబ్బల మీద నేర్చుకుందో తెలీదుగానీ, మెత్తటి గొంతు లేకపోతే అవతలి గొంతు నిజం చెప్పదని ఆమెకి తెలుసు. పెద్దాయన చూసింది మెత్తదనం వరకే.

కేసు పెట్టమని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమె జవాబు సిద్ధంగానే ఉంటుంది. "పెడితే పోలీసోళ్లు రెండు దినాలు లోపలేస్తరు. మూడోనాడు ఇంటికే వస్తడు గదా. అప్పుడు నన్నెవరు కాస్తరమ్మా? ఇల్లు మా అత్త పేరు మీదున్నది." బ్యాంకు గదిలో ఎన్‌మార్క్ వేసుకున్న లెక్కకీ దీనికీ తేడా లేదు. కాపాడతామని వచ్చేవాళ్లు ఏం చేసి పోతారు, పోయాక నాకేమవుతుంది? ఆ లెక్క తప్పని ఆమెకి చెప్పగలిగినవాళ్లు చెప్పాలి. చెప్పలేనివాళ్లు సిండ్రోమ్ అంటారు.

నిజానికి మన చట్టాలు రాసినవాళ్లు ఈ విషయంలో మన సైకాలజీ నోట్సుకంటే తెలివైనవాళ్లు. జీతగాణ్ణి దొర ఎదుట నిలబెట్టి అడిగితే "మా దొర మంచోడే" అంటాడని 1976 నాటివాళ్లకి తెలియకేం కాదు. అందుకే వెట్టిచాకిరీ రద్దు చట్టం జీతగాడి మనసు జోలికి పోలేదు. వాడి బాకీని కొట్టేసింది. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకునే భారం 15వ సెక్షన్ కింద అప్పిచ్చినవాడి మీద పెట్టింది. విడుదలైన జీతగాణ్ణి ఉంటున్న గుడిసెలోంచి వెళ్లగొట్టకూడదని 8వ సెక్షన్‌లో రాసింది. గుడిసె దొర జాగాలో ఉంటే "దొర మంచోడే" అన్నమాట మారదని వాళ్లకి అర్థమైంది. 2005 గృహహింస చట్టం కూడా ఇంటిదాకా వచ్చింది. ఇల్లు ఎవరి పేరు మీదున్నా ఆ ఇంట్లో ఉండే హక్కు 17వ సెక్షన్ ఆమెకిచ్చింది, కొట్టేవాణ్ణే ఇంట్లోంచి పంపే అధికారం 19వ సెక్షన్ మేజిస్ట్రేటుకిచ్చింది. ఈ రెండు సెక్షన్లూ ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను చెబితే, ఉత్తర్వు వచ్చేదాకా ఎక్కడుండాలని అడిగింది. సరైన ప్రశ్నే, దానికి నా దగ్గర మంచి జవాబు లేకపోయింది. క్యాంపస్‌లో సైకాలజీ చదివి కౌన్సెలింగ్‌కి వెళ్లే పిల్లలు ఆమెలాంటివాళ్లను మొట్టమొదట అడగాల్సింది భర్త మీద నీకు ఎలాంటి భావాలున్నాయని కాదు. ఇవాళ రాత్రి తలదాచుకునే చోటుందా, చేతిలో ఎంతుంది, పిల్లల బడి ఎక్కడ అని.

ఆమె లెక్కలు ఆమె వేసుకుంటూనే ఉంది. దసరా తర్వాత చిట్టీ చేతికొస్తుంది. దానితో అడ్వాన్సు కట్టి లాలాపేటలో ఒక గది తీసుకోవాలని చూస్తోంది. వెళ్లిన ప్రతిచోటా మొదటి ప్రశ్న, మీ ఆయన ఏం చేస్తాడని. రాడంటే గది లేదంటున్నారు. మా పై అంతస్తు పెద్దాయనకి లాలాపేటలో మూడు పోర్షన్ల ఇల్లుంది, ఒకటి ఖాళీగానే ఉంది. ఆమె కోసం నేనే వెళ్లి అడిగాను. ఒంటరి ఆడవాళ్లకి ఇవ్వరట.